ఊపిరి మూత

చచ్చినవాడి బూట్లు అబద్ధమాడవు. చిక్కంతా బతికున్నవాళ్ళతోనే.

డిటెక్టివ్ పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి ముందు ఆ బూట్లే తిరగేసి చూశాడు. కాగితం మిల్లులో జుట్టు నెరిసేదాకా మరమ్మతులు చేసిన పెద్దమేస్త్రి బూట్లు అవి. ముందురోజు సాయంత్రం పెద్ద ఫ్యాను పక్కనున్న ఇనుప అరుగు మీంచి పడి ఆయన పోయాడు. ఫ్యాను బేరింగు దగ్గర నూనె కారిందనీ, అందులో కాలు జారిందనీ మిల్లంతా ఒకటే మాట. బూట్ల అడుగున మాత్రం తెల్లటి కాగితపు గుజ్జు పొడి తప్ప మరేమీ లేదు. నూనె జాడే లేదు.

ఆ సంగతి డిటెక్టివ్ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడికి చెప్పడం కన్నా నాలుక కోసుకోవడం నయం.

ఆ ఒక్కడు ఇన్‌స్పెక్టరు. డిటెక్టివ్ పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇతని చేతికింద పని నేర్చుకుని, ఇతను పట్టిన దొంగల్ని తన ఖాతాలో వేసుకుని పైకెక్కినవాడు. ఇప్పుడు వాడికి జీపుంది. భుజం మీద నక్షత్రాలున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి "తిన్నారా?" అని ఫోను చేసే భార్య ఉంది. డిటెక్టివ్‌కి ఫోను చేసేది అప్పు కావాలా అని అడిగే అపరిచితులు మాత్రమే. భార్య పోయాక అతని ఇంట్లో గడియారం తప్ప ఇంకేదీ చప్పుడు చెయ్యడం లేదు.

కేసు తెచ్చింది ఒక ముసలావిడ. అతను ఆస్పత్రికి బయల్దేరకముందే, పాలవాడికన్నా ముందొచ్చి తలుపు కొట్టింది.

"నా కోడలు మిల్లులో ఫిట్టరు, నాయనా. ఆ ఫ్యానుకి సీలు వేసింది అదే. కావాలని సరిగ్గా వెయ్యక మేస్త్రిని చంపిందంటున్నారు. సాయంత్రం పెద్దాఫీసరు వచ్చి చూశాక అరెస్టు చేస్తారట. దాన్ని ఇంటికి పంపించు."

"నీ కోడలు మంచిదేనా?"

"నాతో ఇన్నేళ్ళు వేగింది. అంతకన్నా రుజువేం కావాలి?"

డిటెక్టివ్ చొక్కా తొడుక్కున్నాడు.

*

మిల్లు ఆగి ఉంది. కాగితాన్ని ఆరబెట్టే గదిలోంచి ఆవిరిని లాగి బయటికి తోసేదే ఆ పెద్ద ఫ్యాను. అది తిరగకపోతే మిల్లులో ఏదీ ఆరదు. ఫ్యానుని తిప్పే మనిషి తొడంత లావు షాఫ్టు, దానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఇనుప పెట్టెలు. పెట్టె లోపల నూనెలో మునిగి బేరింగు ఉంటుంది. షాఫ్టు పెట్టెలోకి దూరే చోటా, బయటికొచ్చే చోటా దాని మెడకి కాలరులా అతుక్కుని ఒక్కొక్క రబ్బరు చుట్టు. అదే సీలు. నూనెని లోపల ఉంచడమే దాని ఉద్యోగం.

ఇన్‌స్పెక్టరు అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"రండి గురువుగారూ. వడ్డన అయిపోయాక వచ్చారు."

"మిగిలింది చాల్లే. నాకు ఆకలి తక్కువ."

"ఇందులో మీకు పనేం లేదండి. నూనె కారింది సీలు దగ్గర. సీలు వేసింది ఫిట్టరమ్మ. నిన్న పొద్దున మేస్త్రితో గొడవపడింది కూడా ఆవిడే. పదిమంది విన్నారు." ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ సంచీలోంచి ఒక రబ్బరు చుట్టు తీశాడు. "ఇదిగో. పెదవి తెగి ఉంది. కోసి మరీ వేసింది."

డిటెక్టివ్ దాన్ని వెలుగుకి తిప్పాడు. షాఫ్టుని ఒరుసుకునే ఆ పల్చటి అంచు ఒకచోట నిజంగానే తెగింది.

"దీన్ని పెట్టెలోంచి తీసిందెవరు?"

"మావాళ్ళే."

"దేంతో?"

"స్క్రూడ్రైవరుతో. అయితే?"

"నూనె దారి చేసుకున్న గాయం నల్లగా ఉంటుంది. ఇది మల్లెపువ్వులా శుభ్రంగా ఉంది. నీవాళ్ళు పెరికినప్పుడు తెగింది. సీలు తియ్యడం కూడా రానివాళ్ళు సీలు మీద తీర్పు చెబుతున్నారు."

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "తెగలేదనే అనుకుందాం. మరి నూనె ఎలా వచ్చింది? ఏడ్చిందా?"

డిటెక్టివ్ మోకాళ్ళ మీద వంగాడు. సంచీలోని సీలు పెట్టెకి ఇవతలి వైపుది. దాని కింద మడుగు కట్టి ఉంది, సరే. అవతలి వైపు సీలుని ఎవరూ ముట్టుకోలేదు. దాని కిందా మడుగే. పెట్టె పక్కన నూనె మట్టం చూపించే గాజు బుడ్డి ఒకటి వేలాడుతోంది. దాని మొదట్లోనూ నూనె చిమ్మి ఉంది.

సీలు పాడైతే నూనె ఒకచోట కారుతుంది. ఒకే రోజు మూడుచోట్ల కారదు. రెండు కళ్ళకీ ఒక్కరోజే పొర కమ్మదు కదా. కడుపులో గాలి బిగిసినవాడు మాత్రం ఎటు సందు దొరికితే అటే వదులుతాడు. ఈ పెట్టెకి లోపలినుంచే ఏదో ఒత్తిడి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను మోగింది. అతని గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"ఆఁ, తింటాలే. నువ్వు తిన్నావా? నా కోసం ఆగకు. మాత్ర వేసుకున్నావా లేదా?"

మాట్లాడుతూ అరుగు చివరికి నడిచాడు. డిటెక్టివ్ పళ్ళు బిగించి, విననట్టు, పెట్టె వెనక్కి వెళ్ళాడు. అక్కడ నూనె చేరలేదు. గుజ్జు పొడి ఆరిపోయి తెల్లగా పరుచుకుని ఉంది. అందులో పెద్ద బూటు ముద్రలు రెండు, పెట్టె వైపు తిరిగి. మేస్త్రి ఇక్కడ నిలబడ్డాడు. నూనె మడుగులో జారినవాడి కాలు పొడుగ్గా గీత గీస్తుంది. మడుగులో అలాంటి గీత ఎక్కడా లేదు. బూటు ముద్రల వెనక ఒక్క అడుగు దూరంలో నిచ్చెన దిగే ఖాళీ. దానికి అడ్డంగా ఉండాల్సిన గొలుసు కొక్కెం ఊడి వేలాడుతోంది.

మేస్త్రి ఇక్కడ నిలబడి ఏం చూశాడు?

పెట్టె నడినెత్తిన బొటనవేలంత రంధ్రం. అందులో నాలుగు పలకల తల ఉన్న మామూలు ఇనుప ప్లగ్గు. డిటెక్టివ్ షాఫ్టు రెండో చివరనున్న పెట్టె వైపు చూశాడు. దాని నెత్తిమీద పుట్టగొడుగులాంటి మూత ఉంది, చుట్టూ సన్నటి చిల్లులతో. దాని కింద ఒక్క చుక్క నూనె లేదు.

ఇతను వేళ్ళతో ప్లగ్గుని తిప్పబోయాడు. కదల్లేదు. జేబులోంచి పట్టకారు తీసి ఒక మర తిప్పాడు. మరల మధ్య ఏదో పీచులా మెరిసింది. జనపనార. దాని మీద పైపులవాళ్ళు పూసే తెల్ల పేస్టు. నాలుగు పోగులు లాగి రుమాల్లో పెట్టుకుని ప్లగ్గుని మళ్ళీ బిగించేశాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఇన్‌స్పెక్టరు రెండు బారల దూరంలో, మాత్రల మాట ముగించి వస్తున్నాడు. కానీ సాయంత్రం పెద్దాఫీసరు వస్తాడు. ఆయన ఎదుట, పదిమందిలో, ఈ ప్లగ్గు విప్పి ఇన్‌స్పెక్టరు ముక్కు కింద పెడితే ఎలా ఉంటుంది? ఆ ఊహ డిటెక్టివ్ నోట్లో బెల్లంముక్కలా కరిగింది. చాలా ఏళ్ళుగా అతని నోటికి తీపి తగల్లేదు.

"ఏం చూశారు అక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దుమ్ము."

*

ఫిట్టరమ్మని పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలో కానిస్టేబులు. బయట బల్ల మీద నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని ఒక మనిషి. బలమైన మణికట్లు, చక్కగా దువ్విన తల.

"నువ్వెవరు?"

"ఆమె మొగుణ్ణండి."

"పని?"

"ఇక్కడేనండి. పైపుల పని. ఆమెకన్నా ముందు చేరాను."

"పేరు?"

"ఉండేది సార్. ఆమె ఫిట్టరయ్యాక ఫిట్టరమ్మ మొగుడంటే గాని గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికి పంపడు." అతని పళ్ళు నవ్వాయి. మనిషి నవ్వలేదు.

"కష్టంగా ఉంటుందా?"

"కష్టమేముందండి. ఇంట్లో కుళాయి కారితే మాత్రం నన్నే పిలుస్తారు." అంతలోనే లేచి నిలబడ్డాడు. "ఆమె తప్పు చేసే మనిషి కాదు సార్. ఆమెకి తప్పు చెయ్యడం రాదు. అడగండి, ఎవర్నైనా అడగండి."

పొగుడుతున్నాడో ఫిర్యాదు చేస్తున్నాడో తెలియకుండా ఉంది.

గదిలో ఫిట్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోళ్ళ చుట్టూ నూనె నలుపు. ఎంత కడిగినా పోని నలుపు అది.

"నిన్న పొద్దున మేస్త్రితో గొడవేంటమ్మా?"

"మేస్త్రి బాబాయి తన తర్వాత పెద్దమేస్త్రి నువ్వేనన్నాడు. అందరి ముందూ అన్నాడు. వద్దన్నాను. గట్టిగానే అన్నాను."

"వచ్చిన పదవి ఎందుకు వద్దన్నావు?"

ఆమె ఒకసారి గుమ్మం వైపు చూసింది. "మా ఇల్లు చిన్నది సార్. అంత పెద్ద పదవి పట్టదు."

"సరే. సీలు ఎలా వేశావో చెప్పు. మొదట్నుంచీ."

ఆమె గొంతు స్థిరపడింది. పని గురించి అడిగితే కొందరికి ఊపిరి వస్తుంది.

"ముందు షాఫ్టుని గోటితో గీరి చూస్తామండి. పాత సీలు ఒరిసి గాడి పడితే కొత్తది వేసినా కారుతుంది. గాడి లేదు. సన్నటి గరుకు కాగితంతో నునుపు చేశాను. షాఫ్టు మీద అంచులు పదునుగా ఉంటాయి. సీలు వాటిమీంచి జరిగేటప్పుడు పెదవి తెగకుండా పల్చటి రేకు చుట్టాను. పెదవికి నూనె రాశాను. పొడిగా వేస్తే మొదటి తిప్పులోనే కాలిపోతుంది. పెదవి లోపలికి చూడాలి, నూనె వైపు. లోపలికే ఉంది. చెక్క పెట్టి చుట్టూ సమంగా కొట్టాను. తర్వాత నూనె పోశాను, గాజులో సగం దాకా. ఎక్కువ పోస్తే అదీ కారుతుంది."

"పైన మూత?"

"ఊపిరి మూతా? చేత్తో తిప్పి వదిలేస్తామండి. తిరిగేటప్పుడు పెట్టె వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి చిల్లులు. ఆ నోరు మూస్తే ఎంత మంచి సీలు మీంచైనా నూనె కక్కుతుంది. సీలు కారితే ముందు సీలుని తిట్టకు, ఊపిరి చూడు అనేవాడు బాబాయి."

"దానికి నార చుడతారా?"

"బేరింగు దగ్గరికా?" ఆమె కస్సుమంది. "ఒక్క పోగు నూనెలో పడితే బేరింగు నాశనం. చేతులు తుడుచుకోడానికి కూడా పీచు రాలని గుడ్డే వాడతాం."

డిటెక్టివ్ రుమాలు బల్లమీద పరిచాడు. నాలుగు పోగులు.

"ఇది ఆ మూత ఉండాల్సిన చోట దొరికింది. చిల్లుల్లేని ప్లగ్గు పెట్టి, దీన్ని చుట్టి బిగించారు."

ఆమె పోగుల్ని చూసింది. పేస్టు అంటిన పోగుని వేలికొసతో ముట్టుకుంది. ముక్కు దాకా తెచ్చుకుంది. ఏళ్ళ తరబడి ఆ వాసనవేసే చొక్కాలు ఉతికిన మనిషికి వేరే పరీక్షలు అక్కర్లేదు. బయట బల్ల మీద సీసా మూత తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నేనే చుట్టాను సార్," అంది ఆమె.

"ఇప్పుడే కదమ్మా బేరింగు నాశనమన్నావు."

"నేనే చుట్టాను."

"ఎటు చుట్టావు?"

ఆమె తడబడింది. "ఎడమకి."

మర బిగిసేది కుడికి. నార కూడా కుడికే చుట్టాలి. ఎడమకి చుడితే బిగించేకొద్దీ ఊడి చేతిలోకొస్తుంది. ఒంటరిగా ఇల్లు నడుపుకుంటూ కుళాయిలు తనే బిగించుకునే డిటెక్టివ్‌కి ఆమాత్రం తెలుసు. అబద్ధానికైనా చేతికి అలవాటుండాలి.

అతను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముసలావిడ అడిగింది కోడల్ని ఇంటికి పంపించమని. కొడుకు గురించి ఆవిడ ఒక్కమాటా అనలేదు.

*

మధ్యాహ్నమంతా డిటెక్టివ్ పైపుల షెడ్డులో గడిపాడు. మేకుకి జనపనార జడలు వేలాడుతున్నాయి. తెల్ల పేస్టు డబ్బా ఉంది. నాలుగు పలకల ప్లగ్గులు పెట్టెనిండా ఉన్నాయి. ప్రతి మరకీ నార చుట్టడం ఇక్కడివాళ్ళకి కన్నుకొట్టినంత అలవాటు. చెడ్డపని చెయ్యడానికి వెళ్ళినవాడు కూడా ఆ చేతులే తీసుకెళ్ళాలి కదా. ఇంట్లో వదిలి వెళ్ళడానికి లేదు. డిటెక్టివ్ లోపల్లోపల సాయంత్రం చెప్పబోయే మాటలు కూర్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ముఖం ఎలా మాడుతుందో రెండుసార్లు చూసుకున్నాడు.

పెద్దాఫీసరు వచ్చాడు. పెద్దగా మాట్లాడని మనిషి. ఇన్‌స్పెక్టరు, మిల్లు మేనేజరు, ఫిట్టరమ్మ, ఆమె వెనకే మొగుడు, అందరూ అరుగెక్కారు. పనివాళ్ళు కింద గుమిగూడి మెడలు సాచారు.

"సార్," అన్నాడు డిటెక్టివ్, "ఇన్‌స్పెక్టరుగారు సీలు చుట్టూ తిరిగారు. నేరం సీలులో లేదు. నెత్తిమీద ఉంది." చేయి పట్టుకున్నంత పనిచేసి ఆఫీసర్ని పెట్టె వెనక్కి తీసుకెళ్ళాడు. "చూడండి."

పెట్టె మీద పుట్టగొడుగులాంటి మూత ఉంది. చుట్టూ సన్నటి చిల్లులు. డిటెక్టివ్ వేలు వెయ్యగానే సుతారంగా తిరిగింది. మరలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క పోగు లేదు.

పెద్దాఫీసరు మూత మీంచి చూపు తిప్పి డిటెక్టివ్ వైపు చూశాడు.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

మేనేజరు తల గోక్కున్నాడు. "ఫ్యాను నడవాలి కదండీ. లోపల తడి కాగితమంతా ముద్దయిపోతోంది. సీలు వెయ్యడం ఫిట్టరమ్మకే వచ్చు. ఇన్‌స్పెక్టరుగారిని బతిమాలి, కానిస్టేబుల్ని పక్కన పెట్టి, ఆవిడ చేతే వేయించాం."

"కానిస్టేబులు చూస్తూనే ఉన్నాడండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అక్కడ కాపాడాల్సిందేదో ఉందని నాకెవరూ చెప్పలేదు. మీరు దుమ్మని చెప్పారు."

డిటెక్టివ్ రుమాలు తీశాడు. పోగులు చూపించాడు. చూపిస్తూనే అవెంత తేలికగా ఉన్నాయో తనకే తెలిసింది.

ఇన్‌స్పెక్టరు రుమాలు కేసి చూసి జాలిపడ్డాడు. "దీన్ని ఉతికి ఎన్నాళ్ళయింది గురువుగారూ? ఇంట్లో చెప్పేవాళ్ళు లేకపోతే ఇంతే."

కింద ఎవడో కిసుక్కుమన్నాడు. డిటెక్టివ్ రుమాలు మడిచాడు. మడత సరిగ్గా కుదరలేదు.

అప్పుడు ఫిట్టరమ్మ ముందుకొచ్చింది.

"నాది మరుపు సార్. పెట్టె కడిగేటప్పుడు నీళ్ళు పోకుండా ఊపిరి మూత తీసి మామూలు ప్లగ్గు పెట్టాను. మళ్ళీ మార్చడం మరిచాను. అందుకే నూనె కారింది. బాబాయి జారి పడ్డాడు. ఆ ప్లగ్గుని ఇందాక నేనే తీసి గుజ్జు తొట్టిలో పడేశాను. తప్పంతా నాదే. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు అప్పటికే రాస్తున్నాడు. పనివాళ్ళలో గుసగుస బయల్దేరింది. "దాచుకోవచ్చు కదా, దాచుకోలేదు చూశావా." "ఎంత గుండె ఉండాలి." "అందుకే మేస్త్రి ఆమెకి ఇద్దామనుకున్నాడు." "ఫిట్టరమ్మంటే ఫిట్టరమ్మే మరి."

డిటెక్టివ్ ఆమె మొగుడి వైపు చూశాడు. మెడకి ఉరి తప్పిన మనిషి. కాళ్ళలో సత్తువ పోయి కూలబడాలి, లేదా ఆమె కాళ్ళమీద పడాలి. అతను రెండూ చెయ్యలేదు. కింద గుసగుసలాడే మూకని ఒక్కొక్కణ్ణీ వెతికి వెతికి చూస్తున్నాడు. దవడ ఎముక చర్మం కింద పాకుతోంది. ఆ ముఖం డిటెక్టివ్‌కి కొత్త కాదు. ఇన్‌స్పెక్టరుకి నక్షత్రాలొచ్చిన రోజు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూశాడు దాన్ని. అలాంటి ముఖాన్ని ఎక్కడ తాకితే కాలుతుందో చెప్పడానికి ఏ రుజువూ అక్కర్లేదు.

డిటెక్టివ్ గొంతు పెంచాడు, కిందివాళ్ళకి వినబడేలా.

"నేను పొరబడ్డాను సార్. ఎవడో పైపులవాడు చేశాడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది. సీలుని ముట్టుకోకుండా, బోల్టు విప్పకుండా, ఇంత పెద్ద యంత్రాన్ని ఒక్క ప్లగ్గుతో ఊపిరాడకుండా చెయ్యడమంటే దానికి బుర్ర ఉండాలి. మరుపో, కావాలనో గాని ఆ పని ఈమెదే. పైపులవాళ్ళకి అంత తెలివెక్కడిది? నీళ్ళు కారకుండా కుళాయి బిగిస్తే అదే గొప్ప."

కింద అందరూ నవ్వారు. పైపుల షెడ్డువాళ్ళు కూడా నవ్వారు.

"నవ్వకండి," అన్నాడు ఆమె మొగుడు.

"ఊరుకోండి," అంది ఫిట్టరమ్మ, అతని మోచేయి పట్టుకుని. "మీరు మాట్లాడకండి."

"నువ్వు చుట్టావా? నువ్వు?" అతను చేయి విదిలించుకున్నాడు. "నీకు నార ఎటు చుట్టాలో తెలుసా? ఎడమకట. గది బయట కూర్చుని విన్నాను, సిగ్గేసింది నాకు. ఆఖరికి ఇది కూడా నీ పనేనా? ఇది కూడా నీ గొప్పేనా?" ఆఫీసరు వైపు తిరిగాడు. "చేసింది నేను సార్. నిన్న అందరూ టీకి వెళ్ళినప్పుడు, ఫ్యాను ఆపకుండా, తిరుగుతుండగానే మూత తీసి ప్లగ్గు వేశాను. కుడికి చుట్టాను. మూడుచోట్ల నూనె వచ్చింది, నా ప్లగ్గు దగ్గర ఒక్క చుక్క రాలేదు. ఈ డిటెక్టివ్‌గారు చూశారు. అడగండి ఈయన్ని."

డిటెక్టివ్ తలూపాడు. "రాలేదు. శుభ్రమైన పని."

పొగడ్త ఆకలి మీదున్నవాడికి అన్నం ముద్ద లాంటిది. అతని భుజాలు దిగాయి.

"ఎందుకు చేశావు?" అన్నాడు పెద్దాఫీసరు.

"కారాలని. అంతే. ఆమె వేసిన సీలు ఒక్కటంటే ఒక్కటి కారిందని ఒక్కరోజు అనుకోవాలి మిల్లంతా. అంతకన్నా ఏం కోరుకోలేదు."

"నూనెలో జారి మేస్త్రి పోతాడని అనుకోలేదు. అంతేనా?" అంది ఫిట్టరమ్మ తొందరగా. "చెప్పండి, అనుకోలేదు కదా? విన్నారా సార్, ఆయన కావాలని..."

"జారలేదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "ఆయన బూట్లకి నూనె అంటలేదు. ఈ పొడి నేల మీద, ఇదిగో ఇక్కడ నిలబడి ఉన్నాడు. ప్లగ్గు మీద చెయ్యి వేసి. వెనక గొలుసు లేదు."

ఆమె నేల మీది బూటు ముద్రల్ని చూసింది. తర్వాత నిచ్చెన దిగే ఖాళీని చూసింది. తర్వాత మొగుణ్ణి.

"ఆయన తిట్టినా బాగుండేది," అన్నాడు అతను. ఇప్పుడతను ఎవరితోనూ మాట్లాడటం లేదు. "నూనె ఎలా కారుతోందో చూద్దామని ఎక్కాను. అప్పటికే ముసలాడు ఇక్కడున్నాడు. ప్లగ్గు తడిమి చూశాడు. నార వేలికి తగిలింది. నా వైపు తిరిగాడు. కొట్టినా పడేవాణ్ణి. పోలీసులకి చెబుతానన్నా ఊరుకునేవాణ్ణి. భుజం మీద చెయ్యి వేశాడు. 'దిగు నాయనా, నేను మార్చేస్తాలే. నీ పెళ్ళానికి చెప్పను, పాపం అది సిగ్గుపడుతుంది' అన్నాడు."

అతను తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు.

"దాని సిగ్గు గురించే ఆయనకి దిగులు. అప్పుడు కూడా దాని గురించే. తోసేశాను."

ఇన్‌స్పెక్టరు కలం గాలిలో ఆగింది. కానిస్టేబులు నిచ్చెన వైపు అడ్డంగా నడిచాడు, ఎవరూ చెప్పకుండానే.

ఫిట్టరమ్మ మొగుడి పక్కనుంచి జరిగింది. ఒక్క అడుగే. ఆ ఒక్క అడుగు వెయ్యడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి, నలుపు పోని వేలితో అతని చేతిలోని కాగితాన్ని చూపించింది.

"సార్," అంది, "నేను చెప్పింది కొట్టెయ్యండి."